కనబడినవాడు, కనిపించినవాడు

గురువారం, సాయంత్రం ఆరుంపావు
ఇంట్లో, మీ అమ్మ కుట్టుమిషను పక్కన

చిరంజీవి సౌభాగ్యవతి కామాకు,

నాన్న ఆశీర్వదించి రాయునది. ఇక్కడ మేమిద్దరం క్షేమం. అక్కడ నువ్వూ, అల్లుడూ, నీ కడుపులో ఉన్నవారూ క్షేమమని తలుస్తాను. ఉన్నవారు అని బహువచనం వేశానని కంగారుపడకు, ఒక్కళ్లే అని నాకు తెలుసు. అది మర్యాదకి వేసిన బహువచనం. ఈ రెండు నెలలుగా నాకు ఏకవచనానికీ బహువచనానికీ తేడా తెలియకుండా పోయింది. ఒకటంటే మూడంటున్నారు, మూడంటే ఒకటంటున్నారు. ఎందుకో చెప్తాను.

ముందు ఒక్క మాట. నువ్వు చిన్నప్పటినుంచీ ఏ పుస్తకం చేతికిచ్చినా ఆఖరి పేజీ ముందు చదివే రకానివి. ఈ ఒక్క ఉత్తరం మాత్రం పైనుంచి కిందికి చదువు తల్లీ. అడ్డదిడ్డంగా ఉంటుంది, విసుగొస్తుంది, అయినా వరసలోనే చదువు. నేను సూటిగా మాట్లాడగలిగినవాడినైతే ముప్పై తొమ్మిదేళ్లు ఒకరు రాసింది దిద్దుకుంటూ ఎందుకు కూర్చుంటాను?

నీ పోయిన ఉత్తరం నా ముందే ఉంది. అందులో 'పరిక్ష' అని రాశావు. 'రీ'కి దీర్ఘం ఉంది. ఎర్రసిరాతో దిద్దాను, ఈ అలవాటు నాతోనే పోవాలి. చిగుళ్లలోంచి రక్తం వస్తోందనీ, చెయ్యి ఎక్కడ తగిలినా కమిలిపోతోందనీ, డాక్టరమ్మ నీ రక్తం చూసి రెండు ప్రశ్నలు అడిగిందనీ రాశావు. మీ వంశంలో ఎవరికైనా రక్తం తొందరగా ఆగని జబ్బు ఉందా అని ఒకటి. నిన్ను కన్నప్పుడు మీ అమ్మకి రక్తం ఎక్కువ పోయిందా అని రెండోది. పురుటికి ఇంకా రెండు నెలలుంది, తెలిస్తే ముందే అన్నీ సిద్ధం చేసుకుంటానందట ఆవిడ. మళ్లీ సోమవారం రమ్మందట.

నేను ఆ రోజే జవాబు రాసి పడేశాను. రెండు వంశాల్లోనూ అలాంటిదేమీ లేదు, మీ అమ్మ నిన్ను సుఖంగా కన్నది, దిగులు పెట్టుకోకు అని. ఉత్తరం డబ్బాలో పడ్డ చప్పుడు వినపడిందే, అప్పటినుంచి నాకు ముద్ద మింగుడు పడటం లేదు. మూడుసార్లు ఫోన్ చేశాను. రెండుసార్లు అల్లుడు ఎత్తాడు, బాగున్నావా నాయనా అని పెట్టేశాను. మూడోసారి నువ్వే ఎత్తావు. అక్కడ వానలు పడుతున్నాయా అని అడిగాను. వాన గురించి అడగడానికి ఫోన్ చేశావా నాన్నా అని నవ్వావు. నవ్వుకోవడానికేం, తేలు కుట్టిన దొంగ బాధ నీకేం తెలుసు!

సరే, అసలు సంగతికి వస్తాను. అసలు సంగతికి ఒక పుస్తకం మీదుగా తప్ప దారి లేదు.

మా ప్రెస్సుకి రిటైరైన పాస్టరుగారొకాయన పుస్తకం తెచ్చారు. అందరూ అయ్యగారంటారు, నేనూ అదే అంటున్నాను. డెబ్బై తొమ్మిదేళ్లు. పదకొండేళ్లు కూర్చుని రాశారట, చేతిరాతలో ఆరువందల పేజీలు. క్రీస్తు తరవాత మొదటి మూడు నాలుగు వందల ఏళ్లలో రాసిన పెద్దలు ఏమేం నమ్మారు, దేవుడు ఒక్కడే అంటూ మళ్లీ తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ అని ముగ్గురిని ఎలా చెప్పారు, సంఘం దేన్ని ఒప్పంది, దేన్ని తప్పంది, ఇదీ విషయం. ఆయనకి రెండు కళ్లకీ శుక్లాలు. ఒకదానికి ఆపరేషనై పచ్చగుడ్డ కట్టుకుని ఉన్నారు, రెండోదానితో ఎదుటి మనిషిని గొంతుని బట్టి పోల్చుకుంటారు. ప్రూఫులు నువ్వే చూడవయ్యా, ఇప్పటికి నా కళ్లు నువ్వే అన్నారు. ఆ మాట గుర్తుపెట్టుకో.

నాకు ఆ సంగతుల్లో ఓనమాలు రావు. ఆ పెద్దల పేర్లు నోరు తిరగవు. అందుకని నేనే పేర్లు పెట్టుకున్నాను. ఒకాయన వకీలు. వాదించడంలో దిట్ట. త్రిత్వం అన్న మాటని లాటిను భాషలోకి తెచ్చింది ఈయనేనట. వేరూ మొక్కా పండూ, సూర్యుడూ కిరణమూ కిరణం కొసా అని పోలికలు చెప్తాడు. చదివి హమ్మయ్య అర్థమైంది అనుకుంటానా, ఇంకో పాతిక పేజీలు పోయాక ఆ వకీలే తానున్న సంఘంలో నిష్ఠ చాలలేదని ఇంకో గుంపులో చేరిపోయాడు! ఇంకొకాయన రెండుచేతులాయన. కుమారుడూ ఆత్మా దేవుడికి రెండు చేతుల్లాంటివారు అన్నాడు. పాటలాయన ఒకడున్నాడు. కుమారుడు లేని కాలం ఒకటుండేది, తండ్రి ఆయన్ని చేశాడు అని ఈయన వాదం. ఓడల మీద పనిచేసేవాళ్లూ పిండిమర వాళ్లూ పాడుకునేలా దాన్ని పాటలుగా కూడా కట్టాడు. ఆయనకి ఎదురు నిలిచిన బిషప్పుని అయిదుసార్లు ఊళ్లోంచి వెళ్లగొడితే అయిదుసార్లూ తిరిగొచ్చాడు. వెళ్లగొట్టినప్పుడల్లా మార్జిన్లో ఒక గీత గీసుకున్నాను, లేకపోతే ఇప్పుడు ఊళ్లో ఉన్నాడో బయటున్నాడో తెలియడం లేదు.

ఒక్క చోట మాత్రం నా ఛాతీ ఉప్పొంగింది. తండ్రిదీ కుమారుడిదీ ఒకే సారమా, ఒకలాంటి సారమా అని వాళ్లు కొట్టుకున్నారు. గ్రీకు భాషలో ఆ రెండు మాటలకీ తేడా ఒక్క అక్షరం. ఒక్క అక్షరం! దానికోసం ఏళ్ల తరబడి సభలు, శాపనార్థాలు, వెలివేతలు. ఒక్క అక్షరం పోతే ఏమైందండీ అని మా ఓనరు నన్ను రోజూ వెక్కిరిస్తాడు కదా, ఆ పేజీ తీసుకెళ్లి ఆయన టేబుల్ మీద పెట్టి వచ్చాను. ఆయన దాని మీద టీ గ్లాసు పెట్టుకున్నాడు.

అర్థం కానిచోట ఊరుకోవచ్చు కదా. ఊరుకోను, నీకు తెలుసు. సాయంత్రాలు అయ్యగారు ప్రెస్సుకి వచ్చి ముందు గదిలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చునేవారు. నేను వెళ్లి అడిగేవాడిని. అయ్యగారూ, నేను మా అమ్మాయికి నాన్నని, మా ఆవిడకి మొగుణ్ని, ఇక్కడ ప్రూఫురీడర్ని, మనిషినేమో ఒక్కణ్నే, ఇలాంటిదేనా అన్నాను. ఆయన నెత్తి కొట్టుకున్నారు. అదే వద్దన్నారయ్యా, నాటకంలో ఒకడే మూడు వేషాలు కట్టినట్టు ఒకే దేవుడు మూడు వేషాల్లో కనిపించాడనే వాళ్లని అప్పుడే తప్పన్నారు అన్నారు. పోనీ మా ఇంట్లో ముగ్గురం, ఇల్లు ఒకటే, అలాగా అన్నాను. అప్పుడు ముగ్గురు దేవుళ్లవుతారు కదటయ్యా అన్నారు. మర్నాడు మీ అమ్మ మిషను గురించి ఎత్తాను. పై దారం, కింద దారం, కుట్టు అని ఇంకా పూర్తి చెయ్యలేదు, ఇంటికెళ్లి పడుకోవయ్యా దిద్దుబాటూ అన్నారు. దిద్దుబాటు అని నాకు ఆయన పెట్టిన పేరు. నేను పెద్దలందరికీ పేర్లు పెట్టాను కదా, తగిన శాస్తి జరిగింది.

అన్నిటికంటే నాకు ఒళ్లు మండింది తోలుపనాయన దగ్గర. ఆయన తోళ్ల పని చేసుకునేవాడు. క్రీస్తు మామూలు మనిషేననీ, నదిలో బాప్తిస్మం పొందినప్పుడు పైనుంచి శక్తి ఆయన మీదికి దిగిందనీ చెప్పాడు. అంటే దేవుడు ఆయన్ని ఆ రోజున దత్తత తీసుకున్నట్టు అని అయ్యగారు వివరం రాశారు. దాంతో తోలుపనాయన్ని సంఘంలోంచి వెలేశారు. చదవగానే నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. వెళ్లి అడిగాను, ఏమండీ, దత్తత అంటే అంత తక్కువా, కనడమొక్కటే గొప్పా, వెలెయ్యడానికి ఆయన చేసిన నేరమేమిటి అని. గొంతు పెరిగిందనుకుంటాను, లోపల కంప్యూటరు ముందు కూర్చున్న డీటీపీ అమ్మాయి తొంగి చూసింది.

అయ్యగారు మెల్లిగా అన్నారు, తక్కువని కాదయ్యా, ఆయనొక్కడే తండ్రిచేత కనబడినవాడు, ఆయన సంగతి వేరు అన్నారు వాళ్లు, మిగతా మనమందరం ఆ ఇంటికి దత్తత వచ్చినవాళ్లమే, దత్తత వచ్చినవాళ్లకీ అదే తండ్రి, అదే వాటా అని కూడా వాళ్లే అన్నారు, ఆ పేజీ ఇంకా నీ దాకా రాలేదు అన్నారు. ఆగి, నువ్వెవరి గురించి అడుగుతున్నావు అన్నారు. ఎవరి గురించీ కాదండీ, కామా పడాల్సిన చోటుందేమోనని అడిగాను అన్నాను. ఏం మాట్లాడానో నాకే తెలియలేదు. ఆయన మాత్రం ఆ ఒంటికన్నుతో నావైపే చూస్తూ కూర్చున్నారు.

మీ అమ్మ భోజనానికి పిలుస్తోంది. మిగతాది రేపు.

శుక్రవారం, పొద్దున

ఇప్పుడు నా ఘనకార్యం విను.

ఆ పుస్తకంలో ఒక మాట పదే పదే వస్తుంది. పెద్దలందరూ సభ చేరి ఒప్పుకున్న మాట. దాన్ని అయ్యగారు పాతకాలపు తెలుగులో పెట్టారు. కుమారుడు తండ్రిచేత కనబడినవాడే గాని చేయబడినవాడు కాడు అని.

నా సర్వీసులో 'కనబడు' అన్న మాటని నేను గౌరవించింది ఒక్కచోటే. పేపర్లో పనిచేసేటప్పుడు 'కనబడుటలేదు' అని ప్రకటనలు వచ్చేవి చూడు, ఫొటో, తెల్లచొక్కా, కుడిచెంప మీద మచ్చ, అక్కడ. మిగతా అన్నిచోట్లా 'కనబడు' కొట్టేసి 'కనిపించు' అని వెయ్యాలని మా డెస్కు ఇన్‌చార్జి నూరిపోశాడు. ఆయన పోయి పదిహేనేళ్లయింది, ఆ రూలు మాత్రం నా చేతిలో బతికే ఉంది. 'కనబడినవాడు' చూడగానే చెయ్యి దురద పెట్టింది. కొట్టేసి 'కనిపించినవాడు' అని రాశాను. రాశాక 'తండ్రిచేత కనిపించినవాడు' అంటే వ్యాకరణం కుదరలేదు. 'చేత' తీసేసి 'కి' పెట్టాను. తండ్రికి కనిపించినవాడు. ఎంత నున్నగా ఉందో చూసుకుని మురిసిపోయాను! డీటీపీ అమ్మాయిని పిలిచి పుస్తకమంతా ఇలాగే మార్చమన్నాను. అంకుల్, ఒకసారి ఆయన్ని అడగాలేమో అంది. ఆయనకి కళ్లు కనబడవమ్మా, నేనున్నాగా అన్నాను. ఒక్క మీట నొక్కింది. ముప్పై ఒక్క చోట్ల మారిపోయింది.

మొన్న బుధవారం మధ్యాహ్నం మొదటి కాపీ బైండింగు అయి వచ్చింది. ఇంకా జిగురు వాసన పోలేదు. అయ్యగారు దాన్ని ఒళ్లో పెట్టుకుని అట్ట తడుముకున్నారు, వాసన చూశారు, నా చేతికిచ్చి ఎక్కడైనా చదవవయ్యా అన్నారు. నేను కావాలనే ఆ పేజీ తీశాను. నా పనితనం వినిపించుకోవాలని. గొంతు సవరించుకుని చదివాను. ఆయన వేలెత్తారు. మళ్లీ చదవమన్నారు. మళ్లీ చదివాను. నేనలా రాశానా అని అడిగారు. లేదండీ, నేనే సరిచేశాను అన్నాను. ఏమని చెప్పను తల్లీ, గర్వంగా అన్నాను.

ఆయన కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది. కను అంటే చూడటమే కాదు కదయ్యా, పిల్లల్ని కనడం కూడా కదా అన్నారు. అది నాకు తెలుసండీ, కానీ తండ్రి కనడమేమిటి, ఎద్దు ఈనిందంటే గాటన కట్టెయ్యమన్నట్టు నేను ఒప్పుకోవాలా అనేశాను. అదృష్టం, ఆయనకి నవ్వొచ్చింది. పాత తర్జుమాలో తండ్రులే కొడుకుల్ని కంటారయ్యా, తాత తండ్రిని కన్నాడు, తండ్రి కొడుకుని కన్నాడు అని వరసగా ఉంటుంది, తల్లుల ఊసే ఉండదు అన్నారు. అంటూ అంటూ నవ్వు ఆగిపోయింది. కనిపించాడు అంటే వేషం కట్టి కనిపించాడన్నట్టే కదా, అది తప్పని చెప్పడానికి నూటపన్నెండు పేజీలు రాశాను, ఆ పేజీల కింద నువ్వు వేషం వాళ్ల సంతకం పెట్టించావు అన్నారు. పుస్తకం నా చేతిలోంచి తీసుకుని మూసి, అట్ట మీద చెయ్యి పెట్టుకున్నారు. పచ్చగుడ్డ కింద నుంచి నీళ్లు కారాయి. ఆపరేషను కన్ను కదా, మందు కారిందేమో అని నాకు నేను చెప్పుకున్నాను.

ఆదివారం ఆవిష్కరణ. ఈ సంగతులన్నీ పుక్కిట పట్టిన పెద్దలు చాలామంది వస్తున్నారు. అయిదువందల కాపీలూ కట్టేసి ఉన్నాయి. పదకొండేళ్ల కష్టం, జీవితంలో ఒక్క పుస్తకం, దానిలో ముప్పై ఒక్క చోట్ల నేను.

మా ఓనరు వచ్చి సర్దిచెప్పబోయాడు. ఎవరు చదువుతారండీ అంత లోతుగా, మనం చెప్తే తప్పు, చెప్పకపోతే ఒప్పు, అడిగినవాళ్లకి నోటితో చెప్పెయ్యండి అన్నాడు. అయ్యగారు ఒప్పుకోలేదు. తప్పు అచ్చులో వెళ్లాక ఒప్పు కూడా అచ్చులోనే వెళ్లాలి అన్నారు. తప్పొప్పుల పట్టిక వేసి ప్రతి కాపీలో అంటించమన్నారు. నేను వీధి గుమ్మం దాకా చెయ్యి పట్టుకుని దింపాను. క్షమించండయ్యగారూ, తెలియక చేశాను అన్నాను. తెలియక చేసింది తప్పేనయ్యా, దానికేం, తెలిశాక కూడా దిద్దకుండా ఊరుకుంటే అప్పుడది అబద్ధమవుతుంది అన్నారు.

ఆయన తన పుస్తకం గురించే అన్నారు. నాకు మాత్రం డబ్బాలో ఉత్తరం పడ్డ చప్పుడు మళ్లీ వినిపించింది.

శనివారం, తెల్లవారి అయిదున్నర

నిన్న పగలంతా ప్రెస్సులో పట్టికలు అంటించాం. బైండింగు వాళ్లు సెలవు. నాకు తోడుగా మీ అమ్మ వచ్చింది. ఆవిడ పని నీకు తెలుసుగా. నేను అంటించినవి వంకరగా పోతున్నాయి, ఆవిడవి కొలిచి పెట్టినట్టు పడుతున్నాయి. వందో పుస్తకం దగ్గర ఆ చీటీ పైకెత్తి పట్టుకుని చదివింది. తప్పు: తండ్రికి కనిపించినవాడు, ఒప్పు: తండ్రిచేత కనబడినవాడు. రెండూ ఒకటే కదండీ, దీనికింత రాద్ధాంతమా అంది. నాకొచ్చినంతలో చెప్పాను. తోలుపనాయన్ని ఎందుకు వెలేశారో చెప్పాను. మనమందరం దత్తత వచ్చినవాళ్లమే అన్నారట అని కూడా చెప్పాను. మీ అమ్మ వరసగా నలభై పుస్తకాలు అంటించింది. నేను లెక్కపెట్టాను.

తరవాత, పాప ఉత్తరం వచ్చిందిగా, నాకు చదివి వినిపించలేదేం అంది.

అవును, వినిపించలేదు. డాక్టరమ్మ అడిగిన సంగతి మీ అమ్మ దగ్గర దాచాను. ఇంక దాచడానికి ఓపిక లేక జేబులోంచి తీసి, అక్కడే జిగురు గిన్నె పక్కన కూర్చుని చదివాను. నేనేం జవాబు రాశానో కూడా చెప్పాను. ఆవిడ మొహం చూడలేదు, పుస్తకాల కట్టల వంక చూస్తూ చెప్పాను.

కామా, మీ అమ్మ నన్ను ఇన్నేళ్లలో ఎప్పుడూ పల్లెత్తు మాట అనలేదు. నిన్న అంది. దానికి రక్తం ఆగకపోతే మీ అబద్ధం ఆపుతుందా అంది.

మేమిద్దరం నీ విషయంలో ఇరవై తొమ్మిదేళ్ల కిందట ఒక మాట అనుకున్నాం. అప్పుడు చెప్పొద్దని పట్టుబట్టింది మీ అమ్మే. లోపలి కుట్టు ఎవరైనా బయటికి చూపించుకుంటారా అనేది. నేను రెండు మూడుసార్లు నోరు తెరవబోయినా కళ్లతోనే ఆపేసింది. అలాంటి మనిషి నిన్న జిగురు చేతులు చీరకే తుడుచుకుని, ఆ కుట్టు వేసింది నేను, విప్పినా బట్ట చిరగదు, నాకు తెలుసు అంది. మళ్లీ వెంటనే, చిరగదు కదండీ అని నన్నే అడిగింది. నేనేం చెప్తాను? ఒకటి మూడెలా అయిందో తెలియనివాణ్ని, ఇది మాత్రం తెలుస్తుందా? మూడువందల చిల్లర పుస్తకాలు ఇంకా మిగిలే ఉన్నాయి, ఇద్దరం కూర్చుని అంటించాం.

ఫోన్లో చెప్పేద్దామా అన్నాను. వద్దంది. మీరు రాసింది మీరే రాసి దిద్దండి, చెప్తూ చెప్తూ వానల్లోకి వెళ్లిపోతారు, ఉత్తరం నేను పట్టుకెళ్తాను, పొద్దున ఏడింటి బస్సుకి అంది. ఆయన పుస్తకానికి అంటించినట్టే మనమూ ఒక చీటీ అంటించాలి అంది. అందుకే ఈ ఉత్తరం పోస్టులో రావడం లేదు. నువ్విది చదువుతున్నప్పుడు మీ అమ్మ నీ ఎదురుగానే ఉంటుంది. నేను రావడం లేదు, రేపు ఆవిష్కరణలో అయ్యగారి చెయ్యి పట్టుకుని వేదిక ఎక్కించాలి, అది ఒక సాకు. నీ మొహం చూసే ధైర్యం లేదు, అది నిజం.

ఆరుంపావైంది. మీ అమ్మ సంచీ సర్దేసి మూడోసారి గడియారం చూస్తోంది. నువ్వు పంపిన కొత్త కళ్లద్దాలు బాగున్నాయి. దుకాణంలో అందరి కళ్లకీ పరీక్షలు చేస్తావు కదా, నాకిచ్చిన నెంబరు సరిగ్గానే ఉంది. పుస్తకంలో తప్పు దొర్లడానికి కారణం ఆ అద్దాలు కాదు, నీమీద ఒట్టు. అల్లుడికి నా ఆశీస్సులు. సోమవారం ఆసుపత్రికి అతన్ని కూడా వెంటబెట్టుకుని వెళ్లు.

ఇట్లు,
ఏ వేషమూ లేని
మీ నాన్న

తా.క.
తప్పొప్పుల పట్టిక

పోయిన ఉత్తరం, రెండో పేజీ, నాలుగో పంక్తి.
తప్పు: రెండు వంశాల్లోనూ అలాంటి జబ్బు ఏమీ లేదు.
ఒప్పు: నీ వంశం మాకు తెలియదు.

అదే పేజీ, అయిదో పంక్తి.
తప్పు: మీ అమ్మ నిన్ను సుఖంగా కన్నది.
ఒప్పు: మీ అమ్మ నిన్ను కనలేదు. నువ్వు మీ అమ్మకి కనబడ్డావు.

నిన్ను కన్నావిడకి నువ్వు పుట్టాక రక్తం ఆగలేదు. ఎంత ప్రయత్నించినా ఆగలేదట. ఆ సాయంత్రమే పోయింది. ఈ ఒక్క ముక్క సోమవారం దాకా ఆగకుండా ఇవాళే డాక్టరమ్మకి చెప్పు. మిగతావన్నీ ఆగుతాయి, ఇది ఆగదు.

అప్పట్లో మీ అమ్మ ఆసుపత్రి నర్సులకి తెల్లకోట్లు కుట్టేది. కుట్టినవి ఇవ్వడానికి వెళ్తే నర్సుల గదిలో ఉయ్యాల్లో మూడోరోజు పిల్ల. నిన్ను కన్నావిడ వెంట వచ్చినవాళ్లు ఎవరూ లేరు, రాయించిన అడ్రసులో అలాంటివాళ్లెవరూ లేరు. మీ అమ్మ ఇంటికొచ్చి ఆ రోజు సూదిలో దారం ఎక్కించలేదు. మర్నాడు నన్ను తీసుకెళ్లింది. నువ్వు ఇటు తిరిగి ముడుచుకుని పడుకున్నావు, అచ్చం కామాలాగా. ఆ మాటే పైకన్నాను, అదే నీకు పేరైంది. కోర్టు కాగితాలు చేతికి రావడానికి సరిగ్గా తొమ్మిది నెలలు పట్టింది. నేను మోసింది కూడా తొమ్మిది నెలలేనండీ అని మీ అమ్మ ఆ రోజు నవ్వి, వెంటనే ఏడ్చింది. ఆ కాగితాలు, ఆసుపత్రి చీటీ ఆవిడ సంచీలో ఉన్నాయి. చీటీ మీద నెంబరుంది, డాక్టరమ్మకి పనికొస్తుందేమో చూపించు.

అయ్యగారి పుస్తకంలో కనబడినవాడే ఒప్పు, నా కనిపించడం తప్పు. అది దిద్దేశాను. మన ఇంట్లో ఏది ఒప్పో నాకింకా తికమకగానే ఉంది. కనబడ్డావు అనే మాటని రెండు రకాలుగానూ చదివి చూశాను. ఏ రకంగా చదివినా నువ్వే వస్తున్నావు.

ఆఖరి పేజీ ముందే చదివేసి ఉంటావు, నాకు తెలుసు. సరే, అయితే ఒక పని చెయ్యి. తలెత్తు. మీ అమ్మ ఇంకా గుమ్మంలోనే నిలబడి ఉంటుంది, నువ్వు పిలిస్తే తప్ప లోపలికి రానని చెప్పి బయల్దేరుతోంది. ఎప్పుడూ పిలిచే మాటతోనే పిలువు.